కంబళి పండు ఎక్కువ నెలలు తినాలంటే ఏ మొక్క నాటాలి?

ఆషాఢంలో తొలి వానలకు మట్టి మెత్తబడగానే పర్లాకిమిడిలో మా గేటు దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు. "అమ్మా, ఏడాదంతా కాసే మల్బరీ మీ ఇంట్లో ఉందటగా, ఒక కొమ్మ ఇస్తారా?" అని అడుగుతారు. కొమ్మ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, ఎలాగూ కత్తిరించి పారేసేవే. కానీ ఏడాదంతా కాసే చెట్టు మా ఇంట్లో లేదు. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. మా పెరట్లో ఉన్నవి నాలుగు చెట్లు, డాబా మీద ఒక కుండీ మొక్క, వంటింటి తలుపు వెనక పెన్సిలుతో గీతలు పెట్టిన ఒక క్యాలెండరు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మా ఇంట్లో పండు ఆగకుండా వస్తోందంటే అందులో ఆ క్యాలెండరు వాటా, చెట్ల వాటా కంటే తక్కువేమీ కాదు.

మా వీధిలో తెలుగువాళ్లం దీన్ని కంబళి పండు అంటాం, ఎదురింటి ఒడియావారు తూతకోలి అంటారు, నర్సరీవాళ్లు మల్బరీ అంటారు. పేర్లతో గొడవ లేదు. గొడవంతా రకాల దగ్గరే. పొట్టి కాయ, పొడవు కాయ, తెల్ల కాయ, "ఒరిజినల్ బ్లాక్", "ఎవర్‌బేరింగ్", "థాయ్ డ్వార్ఫ్", "వీ వన్" అంటూ ఒకే సందులో ఏడు పేర్లు వినిపిస్తాయి, ఏడు ధరలు పలుకుతాయి.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే కళ్లు మూసుకుని నాటు పొట్టి కాయ పెట్టండి. రెండు చెట్లకు చోటుంటే రెండోది పొడవు కాయ. అద్దె ఇల్లు, డాబా తప్ప నేల లేదంటే పొట్టిగా పెరిగే కుండీ రకం. పట్టుపురుగుల తోటల రకం పండు కోసం కొనకండి. "ఒరిజినల్ బ్లాక్" అసలే వద్దు. ఎందుకు అన్నది తెలుసుకోవాలనుకునేవాళ్లు కూర్చోండి.

పొట్టి కాయ: మొహం మామూలే, మాట వింటుంది

ఇటు గుణుపురం, కాశీనగరం నుంచి అటు సరిహద్దు దాటి పాతపట్నం దాకా పాత పెరళ్లలో కనిపించేది ఎక్కువగా ఇదే. కాయ రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. పచ్చగా పుట్టి, ఎర్రబడి, చివరికి నేరేడు పండు రంగుకు వస్తుంది. ఎర్రగా ఉన్నప్పుడు నోరు పులిసిపోతుంది, నల్లబడ్డాక తీపిలో సన్నని పులుపు మిగులుతుంది. పండిందో లేదో రంగుతో కాదు, వేలితో తెలుస్తుంది. కింద అరచెయ్యి పెట్టి కాయను తాకితే చాలు, పండినది తనంతట తానే రాలుతుంది. లాగవలసి వచ్చిందంటే దానికి ఇంకా ఒక రోజు కావాలి.

దీని గొప్ప రుచి కాదు. చెప్పినప్పుడు కాస్తుంది. ముదిరిన కొమ్మ కణుపుల్లో మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. ఆ మొగ్గ విచ్చుకుని కొత్త రెమ్మ వచ్చినప్పుడు, లేత ఆకుతో పాటే ఆకు పంగలో చిన్న పచ్చని పూత కూడా బయటికి వస్తుంది. కాబట్టి కొత్త చిగురు ఎప్పుడు వస్తే కాపు అప్పుడే. కొమ్మ చివర కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు పెడితే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, చిగురుతో పాటు కాయ వస్తుంది. ఈ గుణం అన్ని రకాలకూ ఎంతో కొంత ఉంటుంది గానీ, నాటు రకానికి ఉన్నంత నమ్మకంగా నేను మరో దానిలో చూడలేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా అలగదు.

దోషాలు లేవని కాదు. ఉదయం కోసిన పండు సాయంత్రానికి చెమ్మగిల్లుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులే. ఇక మరక సంగతి. బట్టలు ఆరేసే తీగకు పక్కన దీన్ని నాటిన ఇల్లాలికి ఆ సంవత్సరం ఇంటాయన తెల్ల పంచెలన్నీ వంకాయ రంగు చుక్కల పంచెలు అవుతాయి. పాతవాళ్లు చెప్పే చిట్కా ఒకటుంది, పనిచేస్తుంది కూడా: అదే చెట్టు పచ్చి కాయ నలిపి ఆ రసంతో మరకను రుద్ది వెంటనే ఉతకాలి. వేళ్లకు అంటిన రంగు కూడా ఇలాగే పోతుంది. పచ్చి కాయను పిల్లలు తినకుండా మాత్రం చూడండి. అందులోని పాలు కడుపులో తిప్పుతాయి.

నాటేటప్పుడు ఒక్క జాగ్రత్త ఉంది, దాన్ని నేను మూడేళ్లు పోగొట్టుకుని నేర్చుకున్నాను. సంతలో బండి మీద ఒక మొక్క కొన్నాను. అమ్మినతను "గింజ మొక్కమ్మా, బలంగా పెరుగుతుంది" అన్నాడు. నిజమే, బలంగానే పెరిగింది. మొదటి మాఘంలో పసుపుపచ్చని తోకల్లాంటి పూత వేలాడింది. సంబరపడ్డాం. రాలిపోయింది. రెండో ఏడు అంతే, మూడో ఏడూ అంతే. అది మగ చెట్టు. మల్బరీలో ఆడ, మగ చెట్లు చాలావరకు వేర్వేరుగా ఉంటాయి, గింజ మొక్క ఏదవుతుందో పూసేదాకా తెలియదు. మగ పూలు పుప్పొడిని విసిరే వేగం ధ్వని వేగంలో సగానికి మించి ఉంటుందని శాస్త్రవేత్తలు కొలిచారు. మా పెరట్లో ఆ చెట్టు చేసిన ఘనకార్యం అదొక్కటే. ఆడ చెట్టుకు పుప్పొడి అందకపోయినా కాయ పట్టగలదు కాబట్టి, మగ చెట్టు ఉండి తీరాలన్న అవసరం కూడా లేదు.

అందుకని గింజ మొక్క వద్దు. కాస్తుండగా మీ కళ్లతో చూసిన చెట్టు నుంచి పెన్సిలంత లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులు ఉండేలా జానెడు ముక్క తీసుకోండి. రెండు కణుపులు మట్టిలో, మిగతావి పైన. వానాకాలంలో నీడ పట్టున పెడితే రెండు మూడు నెలల్లో వేరు పట్టి నాటడానికి సిద్ధమవుతుంది. ఖర్చు లేదు, మోసం లేదు.

పొడవు కాయ: చుట్టాలు వచ్చినప్పుడు చూపించుకునే రకం

నర్సరీల్లో దీన్ని పాకిస్తాన్ మల్బరీ, కింగ్ మల్బరీ, లాంగ్ మల్బరీ అంటారు. ఇది వేరే జాతి, హిమాలయాల వైపుది. శాస్త్ర నామం మోరస్ మాక్రౌరా, పాత పుస్తకాల్లో లేవిగేటా అని ఉంటుంది. కాయ ఏడు నుంచి పది సెంటీమీటర్లు, గొంగళి పురుగులా వేలాడుతుంది. మొదటిసారి చూసిన మా ఎదురింటి అబ్బాయి భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నోట్లో పెట్టాక మాత్రం చెట్టు దిగలేదు. పులుపు దాదాపు ఉండదు, చెరకు రసం లాంటి తీపి. కండ గట్టిది, రసం అంతగా కారదు, మరక కూడా తక్కువే. పొట్టి కాయ కంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

ఇన్ని సుగుణాలు ఉన్న దానికి మొదటి స్థానం ఎందుకు ఇవ్వలేదంటే, ఇది తనకు తోచినప్పుడే కాస్తుంది. మా చెట్టు ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా కాస్తుంది. అక్టోబరులో కత్తిరించి చూశాను. నిలువెత్తు కొత్త కొమ్మలు వేసింది, ఆకులు విస్తరాకులంత వేసింది, కాయలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇక దాని జోలికి పోవడం మానేశాను. కోత అయిపోయాక ఒక్కసారి కత్తిరించి వదిలేస్తాను. కొమ్మ ముక్కతో బతికించడం కూడా నాటు దానంత సులువు కాదు. పది పాతితే నాకు రెండు మిగిలాయి. అంటు మొక్క కొనడమే నయం. నాటాక అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయండి, లేకపోతే రెండేళ్లలో కింది మొక్క పైదాన్ని మింగేస్తుంది.

ఆరు వారాల పండగ కావాలనుకునేవారికి ఇది సరిపోతుంది. ఆరు నెలల పండు కావాలంటే దీన్ని ఒంటరిగా పెట్టవద్దు.

తెల్ల కాయ గురించి రెండు ముక్కలు. పండినా తెల్లగానో లేత గులాబీగానో ఉంటుంది, మరక పడదు, తేనెలా తియ్యగా ఉంటుంది. నాకైతే పులుపు లేని ఆ తీపి పది కాయలకే మొహం మొత్తుతుంది. ఎండబెట్టుకుంటే కిస్మిస్‌లా బాగుంటుంది. అఫ్గానిస్తాన్‌లో అలా ఎండబెట్టి పిండి కూడా చేసుకుంటారు. సిమెంటు గచ్చు ఉన్న ముంగిట్లో నాటవలసి వస్తే మాత్రం మంచి ఎంపిక.

పేరు చూసి మోసపోయే రెండు

"ఒరిజినల్ బ్లాక్ మల్బరీ, మోరస్ నైగ్రా" అని చీటీ కట్టిన మొక్కలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. అసలైన నైగ్రా పశ్చిమాసియా, మధ్యధరా ప్రాంతాల చెట్టు. పొడి వేసవి, చల్లని శీతాకాలం దానికి కావాలి. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాని కణంలో 308 క్రోమోజోములు ఉంటాయి, పూల మొక్కల్లో అంత సంఖ్య చాలా అరుదు. చదువుకోవడానికి బాగుంటుంది గానీ, జూన్ నుంచి అక్టోబరు దాకా తడిసి ముద్దయ్యే మన గజపతి, గంజాం పెరళ్లలో దానికి ఊపిరి ఆడదు. పైగా చీటీ ఉన్నంత మాత్రాన అది నైగ్రా కానక్కరలేదు. నల్లటి కాయ కాసేవన్నీ నైగ్రా కావు. మన నాటు రకాలు చేరే "ఆల్బా" గుంపుకు తెల్లది అనే పేరు మొగ్గల రంగును బట్టి వచ్చింది, కాయ రంగును బట్టి కాదు. ఆల్బా చెట్లు కూడా నల్లటి పండ్లు కాస్తాయి. అనుమానం వస్తే ఆకు మీద బొటనవేలు రాయండి. నునుపుగా మెరుస్తుంటే ఆల్బా, దళసరిగా గరగరలాడితే నైగ్రా వైపు. నైగ్రా కాయకు తొడిమ ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది.

రెండోది "ఎవర్‌బేరింగ్" అనే మాట. ఇల్లినాయ్ ఎవర్‌బేరింగ్ అని అమెరికాలో పేరున్న రకం ఒకటుంది, ఆల్బాకూ అక్కడి ఎర్ర మల్బరీకీ పుట్టిన సంకరం. మంచు దేశంలో మిగతా చెట్ల కంటే ఎక్కువ వారాలు కాస్తుంది కాబట్టి దానికి ఆ పేరు. మన దగ్గర అదే మాటను ఏ కుండీ మొక్కకైనా తగిలిస్తున్నారు. చీటీ మీద ఆ పదం ఉంటే ధరలో సగం ఆ పదానికే ఇస్తున్నారని లెక్క.

కుండీ రకం

పొట్టిగా, గుబురుగా పెరిగే థాయ్ డ్వార్ఫ్ లాంటి వాటిని చిన్నచూపు చూడవద్దు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా అడుగున నాలుగు చిల్లులు పెట్టి, మట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపితే రెండేళ్లు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఇంకాస్త పెద్ద డ్రమ్ముకు మార్చాలి. దీనిది కూడా నాటు రకం స్వభావమే: చివర్లు గిల్లిన ప్రతిసారీ చిగురుతో పాటు నాలుగు కాయలు ఇస్తుంది. ఇబ్బంది ఏమిటంటే అది నిజంగానే నాలుగు కాయలే. ఒక విడతకు సోలెడు పండు వస్తే మహా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోయాలి. రెండు రోజులు ఊరెళ్లామా, పిందె మొత్తం గచ్చు మీద ఉంటుంది. ఇంట్లో ఒక్క చిన్న పిల్లో, రోజుకు పిడికెడు తినే పెద్దాయనో ఉంటే ఈ మొక్క సరిపోతుంది. జామ్ చేద్దామనే ఆలోచన ఉంటే సరిపోదు.

పట్టుపురుగుల తోటల రకాలు పండుకు పనికొస్తాయా?

గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో పట్టుపురుగుల కోసం మల్బరీ వేస్తారు కాబట్టి ఈ మొక్కలు మనకు చవకగా, కొన్నిసార్లు ఊరికే కూడా దొరుకుతాయి. వీ వన్, ఎస్ 36 మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ నుంచి వచ్చినవి. ఎస్ 1635 "బరంపురం రకం" అని చెబితే మా బంధువు ఒకాయన మన బరంపురమే అనుకుని గర్వపడ్డారు. అది పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లాలోని బహరంపూర్. పట్టు చీరలకు పేరున్న మన గంజాం బరంపురానికీ దానికీ పేరులో పోలిక తప్ప సంబంధం లేదు.

ఈ రకాలను ఎన్నేళ్లో కష్టపడి ఎంపిక చేసింది ఆకు కోసం: ఆకు పెద్దగా, దళసరిగా, తేమతో, ఎక్కువ బరువు రావాలని. పురుగులకు మేపేందుకు ఏడాదికి ఐదారు సార్లు మొదలంటా కోసే తోటలో కాయ పండే వ్యవధే ఉండదు, ఉండాలని రైతు కోరుకోడు కూడా. కోయకుండా ఒక చెట్టును వదిలితే కొంత కాస్తుంది. కానీ అది ఎద్దును పాలకు కొన్నంత పని. ఇప్పటికే తోట ఉన్న రైతులకు నేను ఇచ్చే సలహా వేరు. గట్టు మీద నాలుగు నాటు చెట్లు పెట్టుకోండి, తోట జోలికి పోకండి. పొరుగున పట్టుపురుగులు పెంచేవారు ఉంటే మీ పండ్ల చెట్టుకు పురుగు మందు కొట్టేముందు పదిసార్లు ఆలోచించండి. గాలికి కొట్టుకుపోయిన తుంపర పడిన ఆకు తిన్నా ఆ పురుగులు చచ్చిపోతాయి, వాళ్ల నెల సంపాదన పోతుంది.

క్యాలెండరు

మొదటిసారి ఆకు దూసిన రోజు మా అత్తగారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. డిసెంబరు ఆఖరు, ధనుర్మాసం. చెట్టు నిండుగా ఉంది. నేను కొమ్మల కత్తెర తీసుకుని ప్రతి కొమ్మలో చివరి మూడో వంతు కత్తిరించి, మిగిలిన ఆకును ఒక్కొక్కటే తొడిమ సగానికి గిల్లుతూ పోయాను. చాలామంది కొమ్మను పట్టుకుని సర్రున కిందికి దూసేస్తారు. అలా చేస్తే తొడిమ మొదట్లో ఉన్న మొగ్గ కూడా ఊడి వస్తుంది, కాపు పోతుంది. గంటన్నర పట్టింది. కత్తెర దించి చూస్తే చెట్టు చలిలో వణికే బోడి కట్టెలా ఉంది.

"పచ్చని చెట్టుకు గుండు కొట్టించావు, ఏ మొక్కు తీర్చావమ్మా?" అన్నారావిడ, బియ్యం మీంచి కళ్లెత్తకుండా.

ఒక తట్ట ఎరువు, రెండు బిందెల నీళ్లు పోసి ఊరుకున్నాను. పన్నెండో రోజుకు కణుపులు ఉబ్బాయి. సంక్రాంతి దాటాక ఒక ఉదయం ఆవిడే పిలిచి చూపించారు. వేలెడు చిగురు, దాని పంగలో మినపగింజంత పచ్చని పూత, పైన తెల్లటి వెంట్రుకల్లాంటి కీలాగ్రాలు. ఫిబ్రవరి ఆఖరులో తొలి పండు ఆవిడ చేతిలోనే పెట్టాను. మొక్కు సంగతి మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి రాసుకున్న తేదీల్లో తేలింది ఇది. ఎండ వేడి ఉన్న రోజుల్లో కత్తిరించిన ఆరు వారాలకు తొలి పండు, చలి రోజుల్లో ఎనిమిది తొమ్మిది వారాలకు. ఒక చెట్టు ఒక విడతలో మూడు నుంచి నాలుగు వారాలు ఇస్తుంది, ఎందుకంటే ఒకే కొమ్మ మీద కూడా కాయలన్నీ ఒకేసారి పండవు. కాబట్టి మూడు నాటు చెట్లను నెలకొకటి చొప్పున వెనకా ముందూ చేస్తే ఒకటి అయ్యేసరికి ఇంకొకటి అందుకుంటుంది. మా ఇంట్లో మొదటి చెట్టుకు సెప్టెంబరు ఆఖరులో కత్తెర, నవంబరులో పండు. రెండో దానికి అక్టోబరు ఆఖరులో, డిసెంబరు నుంచి పండు. మూడో దానికి డిసెంబరు ఆఖరులో, ఫిబ్రవరి ఆఖరు నుంచి. జనవరి చివర మొదటి చెట్టుకు మళ్లీ తేలికగా కత్తిరిస్తే ఏప్రిల్ దాకా లాగుతుంది. పొడవు కాయ తన ఇష్టప్రకారం ఫిబ్రవరి, మార్చిలో వచ్చి కలుస్తుంది. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మాత్రం ఎంత చేసినా సన్నని సమయమే, కుండీ మొక్క పిడికెడు ఇస్తే అదే.

వానాకాలంలో కూడా కాయించవచ్చు. నేను మానుకున్నాను. జూలై పండు నీళ్లు తాగి చప్పబడుతుంది, చెట్టు మీదే బూజు పడుతుంది. అందుకని మే ఆఖరులో అన్నిటినీ గట్టిగా కత్తిరించి, వానల్లో వాటి మానాన వాటిని పెరగనిస్తాను. ఆ నాలుగు నెలల్లో ముదిరిన కొమ్మే తర్వాతి కాపుకు పెట్టుబడి.

ఒక్క చెట్టే ఉన్నవాళ్లు నిరాశపడనక్కరలేదు. చెట్టును నాలుగు దిక్కులుగా అనుకుని, పాత చీర అంచులు చించి తూర్పు కొమ్మలకు ఎరుపు, దక్షిణానికి పసుపు అంటూ కట్టుకోండి. మూడు వారాలకు ఒక రంగు కొమ్మలను కత్తిరించండి. దిగుబడి విడతకు కొంచెమే అయినా గిన్నె ఖాళీగా ఉండదు. ఎరువులో మాత్రం ఆశకు పోవద్దు. యూరియా చల్లితే ఆకు కళకళలాడుతుంది, కాయ కనిపించదు.

తుఫాను, పిట్టలు, తెల్ల పిండి

ఎత్తు గురించి ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటాయి. తిత్లీ రోజున మాకు పదిహేను అడుగుల చెట్టు ఒకటుండేది, నిండా ఆకుతో. తెల్లారేసరికి వేళ్లు ఆకాశం చూస్తున్నాయి. పక్కన అంతకు కొద్ది రోజుల ముందే కత్తిరించిన చెట్టు కదలకుండా నిలబడింది, గాలికి పట్టు దొరికితే కదా. అప్పటి నుంచి ఏ చెట్టునూ ఏడడుగులు దాటనివ్వను. నడుమెత్తు మోడు మీద నాలుగైదు కొమ్మలు, అంతే. కోతకు నిచ్చెన కూడా అక్కరలేదు. నాటేటప్పుడు చెట్టుకు చెట్టుకు పది అడుగులు వదలండి, ప్రహరీకి, మురుగు గొట్టానికి కనీసం అంత దూరం ఉంచండి. వేరు తేమ వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతుంది.

తెగుళ్లలో కంగారు పెట్టేది పిండినల్లి ఒక్కటే. చిగురు ముడుచుకుని, ముదురు ఆకుపచ్చగా గుత్తి కట్టి, లోపల తెల్ల పిండి కనిపిస్తే అది పట్టు రైతులు తుక్రా అనే తెగులు. ఆ చివరను గిల్లి సంచిలో వేసి కాల్చేయండి. కొద్దిగా ఉన్నప్పుడు నీటి ధార గట్టిగా కొట్టినా, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి చల్లినా లొంగుతుంది. అక్షింతల పురుగులు తిరుగుతుంటే అదీ చేయవద్దు, వాటికి భోజనం అదే. చలికాలంలో ఆకు అడుగున బూడిద తెగులు వస్తుంది. కత్తిరింపుతోనే సగం పోతుంది.

పికిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు వాటా అడుగుతాయి. పొట్టి కాయ చెట్టుకు వల కడితే ప్రతి కొమ్మలోనూ చిక్కుకుని, విప్పడం పెద్ద పని. నేను పొడవు కాయకు మాత్రమే ఆ ఆరు వారాలు వల వేస్తాను. మిగతా చెట్లకు సూర్యోదయానికి ముందే వెళ్లి కోసేస్తాను. పిట్టల కంటే ముందు లేవడం తప్ప దీనికి నాకు వేరే మందు దొరకలేదు.

అమ్మకానికి అనుకునేవాళ్లకు

కాశీనగరం దగ్గర ఇరవై సెంట్ల నేల ఉన్న మా మేనల్లుడు మల్బరీ పండ్ల తోట వేస్తానంటే కాగితం తీసి లెక్క వేశాం. పది అడుగులకొకటి చొప్పున ఎనభై పైచిలుకు చెట్లు పడతాయి. పొట్టి కాయ ఒక్కోటి సుమారు రెండు గ్రాములు, అంటే కిలోకు ఐదు వందల సార్లు చెయ్యి ఎత్తాలి. నాకు కిలో కోయడానికి ముక్కాలు గంట పట్టింది. కోసిన పండు ఎండలో బస్సెక్కి బరంపురం చేరేసరికి డబ్బా అడుగున రసం ఉంటుంది. పొడవు కాయ ఐదారు గ్రాములు ఉంటుంది, కోత సులువు, దారిలో కాస్త ఓర్చుకుంటుంది. కానీ ఏడాదికి ఒక్క కాపు.

కాబట్టి అమ్మకం ఇంటి చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలో తెల్లవారుజామున జరిగిపోయేలా ఉంటే పొట్టి కాయ, దుకాణానికి డబ్బాల్లో ఇవ్వాలంటే పొడవు కాయ. డీప్ ఫ్రీజర్ ఉంటే లెక్క మారిపోతుంది. కడిగి, ఆరబెట్టి, గడ్డకట్టించిన పండు నెలల తరబడి రంగు చెడకుండా ఉంటుంది, రసానికీ జామ్‌కూ భేషుగ్గా పనికొస్తుంది. అది లేకుండా ఎనభై చెట్లు వద్దన్నాను. పది పొట్టి, ఐదు పొడవు పెట్టి, రెండేళ్లు పాతపట్నం సంతలో అమ్మి చూడమన్నాను. మిగతా నేలలో వంగ వేశాడు.

ఈ ఆషాఢంలో కొమ్మ కోసం వచ్చేవాళ్లకు మూడు ముక్కలు కట్టి ఉంచుతున్నాను, మూడింటికీ మూడు రంగుల గుడ్డపేలికలు చుట్టి. ఏ రంగు ఎప్పుడు కత్తిరించాలో సంచి మీద రాసి ఇస్తాను. పొడవు కాయ కొమ్మ మాత్రం అడగకండి, ఇచ్చినా బతకదు.